బర్మా వేరుపడిన నాడు: మన నేత, మన బియ్యం, మన మనుషులు

ఉగాదినాడు వేపపూత పచ్చడి నోట పెట్టుకొని పంచాంగ శ్రవణానికి కూర్చున్నప్పుడు మనలో ప్రతివారూ చెవి ఒగ్గి వినేది ఒక్కటే: తమ రాశికి ఈ ఏడు ఆదాయమెంత, వ్యయమెంత అని. వ్యయం ఎక్కువైతే కొంచెం దిగులు పడతాము, ఆదాయం ఎక్కువైతే పక్కవారి వంక చూసి నవ్వుకుంటాము. దేశాలకు కూడా ఇటువంటి ఆదాయ వ్యయాలున్నవి. అవి గ్రహాల నడకనుబట్టి గాక మనుషులు కూర్చుండి వ్రాసుకొనే ఒప్పందాలనుబట్టి నిర్ణయమవుతవి. ఆ కాగితాలు వ్రాసే చోట మనవాడు ఉన్నాడా, లేడా అన్నదే ఈ వ్యాసంలో మనము విచారింపదలచినది.

ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు వేరుపడటం మనకు తెలియనిది కాదు. ఇల్లు పంచుకుంటారు, పొలం పంచుకుంటారు, ఇత్తడి బిందెలు సయితం లెక్కపెట్టుకుంటారు. నూతి దగ్గరకు వచ్చేసరికి తగవు మొదలవుతుంది. నుయ్యి ఒకరి వాటాలో పడితే రెండవవారి ఆడవారు నీళ్లకు ఏ దారిని రావాలి? దేశాలు వేరుపడినప్పుడు వచ్చే తగవులలో పెద్దది ఇటువంటి దారి తగవే. ఒక్క సుంకపు గోడ లోపల, ఒక్క నాణెంతో, పన్ను లేకుండా సరుకు ఇచ్చిపుచ్చుకున్న దేశాలు విడిపోయినప్పుడు, నిన్నటిదాకా తెరచివున్న వాకిలి రేపు ఎవరికి ఎంత మేరకు తెరచివుండాలి?

ఈ ప్రశ్న మన తెలుగువారికి ప్రాణసంకటంగా ఎదురైన ఘట్టం ఒకటి ఉన్నది. 1937వ సంవత్సరం ఏప్రిల్ 1వ తేదీన బర్మా హిందూదేశం నుంచి వేరుపడినది.

గుడియాత్తంలో కూర్చుండి బర్మా ముచ్చట ఏల అని చదువరులు అడుగవచ్చును. దానికి సమాధానం మన ఊరి మగ్గమే చెబుతుంది.

గుడియాత్తం మగ్గం

కౌండిన్యా నది ఒడ్డునవున్న మన పట్టణానికి పేరు తెచ్చిన సరుకులు అగ్గిపెట్టె, బీడీ, వాటితోపాటు లుంగీ. నూలు షావుకారు ఇస్తాడు. ఇంటిల్లిపాదీ కష్టపడి పడుగు చేసి, గంజి పెట్టి, ఆరవేసి, గుంట మగ్గంలో కూర్చుండి నాడె ఆడించి గళ్ల బట్ట నేస్తారు. బట్ట తీసుకొని షావుకారు కూలి ఇస్తాడు. నేసినవానికి తెలిసిన లోకం అంతవరకే. ఆ బట్ట ఏ బండి ఎక్కినదో, ఏ రేవు దాటినదో, ఎవరి నడుమున చుట్టుకున్నదో అతనికి తెలియదు.

కాని అది దూరమే వెళ్లేది. చెన్నపట్నం రేవు నుంచి బర్మా, మలయా, సింహళ దేశాలకు పోయిన లుంగీలు, కైలీలు ఈ రాజధానిలోని చేతిమగ్గాలమీద నేసినవే. బర్మా మనిషికి లుంగీ నిత్యపు ఉడుపు, పండుగ ఉడుపు కూడ. మగవారూ ఆడవారూ నడుమున చుట్టుకొనేది అదే. వారు దానిని ‘లోంజీ’ అంటారు. ఆ బట్ట కొనేవాడు ఒక ఏడు కొనడం మానితే మన వీధులలో మగ్గాల చప్పుడు తగ్గుతుంది. అందువల్ల రంగూన్‌లో మారిన సుంకపు అంకె గుడియాత్తంలో పొయ్యిమీది ఎసరును తాకే అంకె అయినది.

మరొక సంగతి కూడా ఉన్నది. ఈ ఊళ్లో తెలుగు మాట్లాడే మనమందరము ఒకే తీరున ప్రవాసులము కాము. కొందరము నెల్లూరు, కడప, గుంటూరు ప్రాంతాల నుంచి బ్రతుకుతెరువుకై వచ్చినవారము. కొందరము ఎక్కడికీ పోనివారము, మన పక్కకు సరిహద్దే నడచివచ్చినది. ఒకనాడు ఇదంతా ఉత్తరార్కాటు జిల్లా. 1911వ సంవత్సరం ఏప్రిల్ 1న అందులోని కొన్ని తాలూకాలను, కడప జిల్లా నుంచి మరికొన్నిటిని కలిపి చిత్తూరు జిల్లా చేశారు. గుడియాత్తం, వేలూరు ఇటు నిలిచినవి. కాబట్టి గీత గీసినప్పుడు మనిషి ఏ పక్కన పడతాడన్నది మనకు పుస్తకాలలో చదువుకొనే విద్య కాదు.

రంగం దారి

బర్మాను ఇంగ్లీషువారు 1824, 1852, 1885 సంవత్సరాలలో మొదలైన మూడు యుద్ధాలతో ఆక్రమించుకొని హిందూదేశంలో ఒక రాష్ట్రంగా చేర్చారు. బెంగాలు ఎట్లాగో, చెన్నరాజధాని ఎట్లాగో, బర్మా కూడ అట్లాగే. నాణెం మన రూపాయే. కాకినాడ నుంచి రంగూన్‌కు పోయే సరుకు సముద్రం దాటినా సుంకం విషయంలో పరదేశపు సరుకు కాదు.

ఆ దారినే మన వారు లక్షలుగా వెళ్లారు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవులలో పొగ ఓడలెక్కి పోయేవారు. మన ఉత్తరాది జిల్లాలలో రంగూన్‌కు ‘రంగం’ అని పేరు. ఇంట్లో కరవు వచ్చినా, అప్పు పెరిగినా, అన్నతో తగవైనా, “రంగం పోతాను” అన్నది ఆనాటి పడుచువాని మాట. కోరంగి రేవు పేరునుబట్టి బర్మావారు మనలను ‘కోరంగీలు’ అన్నారు. ఆ మాటలో గౌరవమేమీ లేదు.

1931 జనాభా లెక్కలలో బర్మాలోని హిందూదేశస్థులు పది లక్షలకు పైచిలుకు. అందులో తెలుగువారు సుమారు లక్షన్నర. రంగూన్ నగరంలోని నాలుగు లక్షల జనంలో సగానికి పైగా మన దేశపువారే. తమిళదేశపు చెట్టియార్లు వడ్డీ వ్యాపారం చేశారు, గుజరాతీలు కొట్లు పెట్టారు. మన తెలుగువాడు రేవులో మూటలు మోశాడు, బియ్యపు మిల్లులో చెమటోడ్చాడు, రిక్షా లాగాడు, వీధులు ఊడ్చాడు. చాలమంది సంసారాలు ఇక్కడనే ఉంచి, రెండు మూడేళ్లు అక్కడ పనిచేసి, నాలుగు రూపాయలు మూటగట్టుకొని తిరిగివచ్చేవారు.

ఇది ఒక పక్క. రెండవ పక్క బర్మా మనిషి కళ్లతో చూడకపోతే చరిత్ర వ్రాసినట్లు కాదు. తన ముఖ్యపట్నంలో తానే తక్కువ సంఖ్యలో ఉన్నాడు. 1930 తరువాత ధాన్యం ధర పడిపోగా రైతులు బాకీ తీర్చలేకపోయారు. దిగువ బర్మాలోని ముఖ్యమైన 13 వరి జిల్లాల సాగునేలలో చెట్టియార్ల చేతిలో ఉన్నది 1930లో నూటికి ఆరు వంతులు, 1937 నాటికి ఇంచుమించు నూటికి ఇరవై అయిదు వంతులు. పైగా హిందూదేశపు బట్టల మిల్లులను, ఉక్కు కర్మాగారాలను కాపాడటానికి ఢిల్లీలో వేసిన సుంకాలవల్ల బర్మా మనిషి చవుక పరదేశపు సరుకును ఎక్కువ వెల పెట్టి కొనవలసి వచ్చినది. “మీ కర్మాగారాలకు మేమేల కప్పం కట్టాలి?” అని అతడు అడిగితే ఆ ప్రశ్న తప్పనలేము.

1930 మే నెలలో రంగూన్ రేవులో ఈ కోపం మొదటిసారిగా పగిలినది. కూలి పెంచమని మన తెలుగు రేవు కూలీలు సమ్మె కట్టారు. ఓడల కంపెనీలవారు బర్మా కూలీలను పనిలోకి తెచ్చారు. సమ్మె తీరి మనవారు తిరిగి రాగానే బర్మావారిని పొమ్మన్నారు. రెండు పక్షాల కడుపుమంట కలసి కొట్లాటగా మారినది. చచ్చినవారిలో ఎక్కువమంది మన తెలుగు కూలీలు. ఇద్దరు పేదలను ఒక్క కూటికి పోటీపెట్టినవారికి మాత్రం గాయమైనా కాలేదు.

వేరుపాటు

వేరుపాటును గురించి బర్మాలోనే అభిప్రాయభేదముండెను. 1932 ఎన్నికలలో వేరుపాటు వద్దన్న పక్షమే గెలిచినది. అది హిందూదేశంమీద ప్రేమచేత కాదు. విడిపోతే తమకు దక్కే స్వపరిపాలన తగ్గిపోవునేమోనన్న అనుమానం అందులో ఎక్కువ. చివరకు నిర్ణయం లండన్‌లోనే జరిగినది. 1935 శాసనాన్ననుసరించి 1937 ఏప్రిల్ 1న బర్మా వేరు ప్రభుత్వమయినది.

అయితే లెక్కలు చూచినవారికి ఒక భయం పట్టుకున్నది. బర్మా ఎగుమతులలో సుమారు సగం మన దేశానికే వచ్చేవి: బియ్యం, కిరసనాయిలు, టేకు. బర్మా కొనే సరుకులో కూడా పెద్ద భాగం మన దేశానిదే: బట్ట, గోనెసంచి, బొగ్గు, ఇనుము, గోదావరి లంక పొగాకు. మనము వారికి అమ్మినదానికంటె వారినుంచి కొన్నది చాల ఎక్కువ. ఇంతగా అల్లుకున్న తీగలను ఒక్కరోజున కోయడం ఎట్లాగు?

కావున ఒక ఏర్పాటు చేశారు. విడిపోయిన తరువాత మూడేళ్ల వరకు వ్యాపారం పూర్వపు తీరుననే సాగాలి. ఒకరి సరుకుకు మరొకరు సుంకం వేయరాదు. మూడేళ్ల తరువాత ఎవరైనా సరే పన్నెండు నెలల ముందుగా నోటీసు ఇచ్చి ఈ ఏర్పాటును రద్దు చేసుకోవచ్చును. మనుషుల రాకపోకలకు కూడ మూడేళ్ల పాటు పాతదారి మూయలేదు. ఇల్లు వేరైనా నూతిదారి కొన్నాళ్లు ఉమ్మడి అన్నమాట. నాణెం విషయంలో కూడ మన రిజర్వు బ్యాంకే బర్మాకు నోట్లు వేసి ఇచ్చినది.

గడువులో ఏమి చేశాము?

గడువు అంటే సర్దుకోవడానికి ఇచ్చిన కాలం. ఆ మూడేళ్లలో ఎవరెవరు ఏమి కోరారో చూస్తే మన ఇంటి గుట్టే బయటపడుతుంది.

గోదావరి, కృష్ణా డెల్టాల రైతు బర్మా బియ్యంమీద మండిపడుతున్నాడు. ఆ కాలంలో ధాన్యం ధరలు నేలమట్టమైనవి. చవుక బర్మా బియ్యం రేవులలో దిగుతూవుంటే తన వడ్లు ఎవరు కొంటారని అతని బాధ. బర్మా బియ్యంమీద సుంకం వేయమన్నది అతని కోరిక. గుడియాత్తం నేతగానికి కావలసినది దీనికి సరిగా ఎదురు. కొనుక్కు తినే అతనికి బియ్యం చవుకగా ఉండాలి, అతడు నేసిన లుంగీకి బర్మా వాకిలి తెరచివుండాలి. బియ్యంమీద మనము సుంకం వేస్తే బట్టమీద వారు వేయరా? రంగూన్‌లోని కూలివానికి కావలసినది మూడవది. అతనికి బియ్యమూ బట్టా కాదు ముఖ్యం, ఓడ దిగనివ్వడం ముఖ్యం.

ముగ్గురూ తెలుగువారే కావచ్చును. ముగ్గురి కోరికలూ న్యాయమైనవే. కాని ఒకరి ఆదాయం మరొకరి వ్యయం. ఈ ముగ్గురినీ ఒకచోట కూర్చుండబెట్టి, “మనకు ముందు ఏది కావాలి, దేనిని కొంత వదులుకోవచ్చును?” అని అడిగే వేదిక లేకపోయినది. బొంబాయి, అహమ్మదాబాదు బట్టల మిల్లులవారికి సంఘాలుండెను, ఢిల్లీలో పలుకుబడి ఉండెను. జపాను బట్ట చవుకగా వచ్చి పడుతుంటే తమ మార్కెట్టు ఎట్లా నిలుపుకోవాలో వారు గట్టిగా చెప్పుకోగలిగారు. నేతగానికి షావుకారు ఉన్నాడు, కూలివానికి మేస్త్రీ ఉన్నాడు. షావుకారు బాగు నేతగాని బాగు కాదు, మేస్త్రీ మాట కూలివాని మాట కాదు.

ఇంతలో 1938 జూలైలో రంగూన్‌లో మరల అల్లర్లు చెలరేగినవి. ఆ తరువాత బాక్స్‌టర్ అనే ఆర్థిక సలహాదారుని మన వారి వలసను గురించి విచారణకు నియమించారు. హిందూదేశస్థులు వచ్చి బర్మావారి పనులను ఊడలాగుకొన్నారనడానికి గట్టి ఆధారం లేదన్నట్లుగానే అతని విచారణ తేలినది. అయినను ఆ నివేదిక అచ్చయ్యేసరికి మనసులు విరిగిపోయివున్నవి. లెక్క ఆలస్యంగా వస్తే కోపాన్ని ఆపలేదు.

రెండు కాగితాలు

1940 ఏప్రిల్‌లో పాత ఏర్పాటును ముగించడానికి నోటీసు వచ్చినది. పన్నెండు నెలల గడువు 1941 మార్చి 31తో తీరుతుంది. ఢిల్లీలో సంప్రదింపులు జరిగి 1941 ఏప్రిల్ మొదటివారంలో వ్యాపార ఒప్పందం కుదిరినది. బర్మాలో అప్పుడు ఊ సా ముఖ్యమంత్రి. మన పక్షాన వాణిజ్య శాఖ చూస్తున్నవారు సర్ ఎ. రామస్వామి మొదలియారు.

ఆ ఒప్పందం సారాంశం తేలికగా చెప్పుకోవచ్చును. కొన్ని సరుకులకు ఇరుపక్షాలా సుంకం లేదు. మిగిలిన చాలవాటిపైన బర్మా మొదటిసారిగా సుంకం వేసుకొనే హక్కు తెచ్చుకున్నది. అయితే మన సరుకుపైన వేసే సుంకం పరదేశపు సరుకుపైన వేసేదానికంటె తక్కువగా ఉండాలి. అంటే నిన్న ఇంటివాడు, నేడు చుట్టం. పరాయివానికంటె మేలేగాని ఇంటివాడు మాత్రం కాడు. వేరుపడినవారి వ్యాపార ఒప్పందాలలో దీనికంటె మంచి ఫలితం రావడం అరుదు. ఖజానాకు రాబడి కావలసిన బర్మాకు అది దొరికినది, కొంత రాయితీ మనకు మిగిలినది. ఇచ్చిపుచ్చుకోవడమంటే ఇదే.

ఇక్కడ ఒక తేదీని మనము గుర్తుంచుకోవాలి. చేతిమగ్గం, మిల్లుల సంగతి విచారించడానికి చెన్నపురి విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రాచార్యులైన డాక్టరు పి. జె. థామస్ అధ్యక్షతన ప్రభుత్వంవారు నియమించిన సంఘం తన నివేదికను ఇచ్చినది 1942లో. దేశంలో సుమారు ఇరవై లక్షల చేతిమగ్గాలున్నవనీ, వాటిమీద బ్రతికేవారు కోటి మంది వరకు ఉందురనీ అప్పుడు తేలినది. ఒప్పందం జరిగినది 1941లో. అనగా వాకిలి ఎంత తెరవాలో తేల్చిన ఏడాదికి, ఆ వాకిట నిలుచున్నవారు ఎందరో లెక్కపెట్టారు!

ఇక మనుషుల కాగితం. దానిని గురించి 1941 జూన్, జూలై నెలలలో రంగూన్‌లో మాట్లాడారు. మన పక్షాన వెళ్లినవారు సర్ గిరిజా శంకర్ బాజ్‌పాయి. జూలైలో ఒప్పందం కుదిరినది. బర్మాలో పుట్టి పెరిగినవారు ఒక తరగతి, ఏండ్ల తరబడి అక్కడ నివసించినవారు ఒక తరగతి, కొత్తగా రాదలచినవారు ఒక తరగతి. పర్మిట్టు కావాలి, రుసుము కట్టాలి, కాగితాలు చూపాలి. నిరక్షరాస్యుడైన రేవు కూలివాడు పది పన్నెండేళ్లనుంచి వస్తూ పోతూ ఉన్నాడనడానికి ఏ కాగితం చూపగలడు? అతని చేతులమీది కాయలే అతని దస్తావేజు. దానిని ఏ ఆఫీసరూ అంగీకరించడు. ఈ ఒప్పందంమీద మన దేశంలో గొప్ప అలజడి లేచినది, గాంధీజీ కూడ తమ అసమ్మతిని తెలిపారు.

ఏప్రిల్‌లో సరుకుకు ఒప్పందం, జూలైలో మనిషికి ఒప్పందం. బియ్యపు బస్తాకు, బట్టల బేలుకు ఒక గౌరవమైన దారి దొరికినది. ఆ బస్తా మోసినవానికి దొరకలేదు. సరుకు సంగతి ముందు, మనిషి సంగతి తరువాత: వేరుపాటు చర్చలన్నిటిలోను కనబడే వరుస ఇదే.

ఎనిమిది నెలల ఆయుష్షు

ఇంత కష్టపడి వ్రాసుకున్న వ్యాపార ఒప్పందం బ్రతికినది ఎనిమిది, తొమ్మిది నెలలు మాత్రమే. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌మీద బాంబులు వేసినవి. 1942 మార్చి 8న నగరం పడిపోయినది. ఓడలు దొరికినవారు ఓడలెక్కారు. దొరకనివారు అరకాను దారిని, మణిపురం దారిని కొండలు, అడవులు దాటి నడచివచ్చారు. నాలుగైదు లక్షలమంది ఇల్లు చేరారు. దారిలో ఆకలికి, విషజ్వరానికి బలియైనవారు వేలాదిమంది. ఏప్రిల్ 6న బాంబులు విశాఖపట్నం, కాకినాడలమీద కూడా పడినవి. రంగం పోయే రేవులకే రంగం యుద్ధం వచ్చినది.

బియ్యం ఆగిపోయినది. ఏటా పదిహేను లక్షల టన్నుల ప్రాంతం వచ్చే బర్మా బియ్యం ఒక్కసారిగా రాకపోయేసరికి దేశమంతటా ధరలు మండిపోయినవి. 1943 బెంగాలు కరవులో సుమారు ముప్పై లక్షలమంది చనిపోయారు. ఆ కరవుకు కారణాలు పెక్కు, బర్మా బియ్యం ఆగిపోవడం వాటిలో ఒకటి. చెన్నరాజధానిలో రేషను కార్డులు వచ్చినవి. బర్మా బియ్యం రాకూడదని కోరినవారికి అది రాకపోతే ఏమవుతుందో కూడ తెలిసివచ్చినది.

యుద్ధం ముగిసి, 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమయినది. విడిపోయిన నాటి బాకీ లెక్క మాత్రం అప్పటికీ తెగలేదు. 1954లో మన ప్రభుత్వం తొమ్మిది లక్షల టన్నుల బర్మా బియ్యం కొన్నప్పుడు ఆ పాత బాకీ కూడ పరిష్కారమయినది. 1937 నాటి వేరుపాటు లెక్క ముగియడానికి పదిహేడేళ్లు పట్టినదన్నమాట.

1962లో సైన్యాధిపతి నె విన్ అధికారం చేజిక్కించుకున్నారు. 1964లో కొట్లు, వ్యాపారాలు జాతీయం చేశారు, పెద్ద నోట్లు రద్దు చేశారు. మిగిలివున్న మనవారు లక్షలుగా కట్టుబట్టలతో తిరిగివచ్చారు. చెన్నపట్నంలోని బర్మా బజారు, విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ కథకు నేటికీ నిలిచిన సాక్ష్యాలు. 1937 నాటి వాకిలి పూర్తిగా మూసుకొనడానికి ఇరవై ఏడేళ్లు పట్టినది. కొంచెం కొంచెంగా మూసుకొనే తలుపు చప్పుడు చేయదు గనుక నిద్రపోయేవానికి వినబడదు.

మన ఇంటి వేరుపాటు

ఈ కథ చెప్పుకున్నప్పుడు మన సొంత వేరుపాటు సంగతి ఎత్తక తప్పదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం మద్రాసు నుంచి విడిపోయినది. చెన్నపట్నం ఎవరిదన్న తగవు, తిరుత్తణి ఎవరిదన్న తగవు మన పెద్దలకు బాగా జ్ఞాపకం. పటాస్కర్ గారి మధ్యవర్తిత్వంమీద 1960 ఏప్రిల్ 1న కొన్ని ఊళ్లు అటు, కొన్ని ఊళ్లు ఇటు మారినవి. 1911, 1937, 1960 సంవత్సరాల మార్పులు మూడూ ఏప్రిల్ 1నాడే జరిగినవి. అది ప్రభుత్వంవారి ఉగాది గాబోలు!

అయితే ఆ వేరుపాటులో నేతగాడు వీధిన పడలేదు. చిత్తూరులో గుడియాత్తం లుంగీ పరదేశపు సరుకు కాలేదు. కారణం రాజ్యాంగంలోని 301వ అధికరణం. దేశమంతటా వర్తక వాణిజ్యాలు, రాకపోకలు స్వేచ్ఛగా సాగాలని అది శాసించినది. ఇబ్బందులు లేకపోలేదు. ఒకే సరుకుమీద రెండు రాష్ట్రాలు అమ్మకపు పన్ను అడిగితే వర్తకుడు నలిగిపోయాడు. దానిని సరిదిద్దడానికి 1956లో కేంద్ర అమ్మకపు పన్ను చట్టం వచ్చినది. బియ్యం రాష్ట్రం దాటనివ్వకుండా ఆంక్షలు పెట్టారు. 1957లో దక్షిణ రాష్ట్రాలు నాలుగింటినీ ఒక బియ్యపు మండలం చేసి కొంత సడలించారు. పన్నుకోసం లారీలను నిలిపిన చెక్‌పోస్టుల బెడద 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినదాకా తీరలేదు. అయినా మనిషికి అడ్డు రాలేదు. పరదరామి దాటి చిత్తూరు పోయి పెళ్లిసంబంధం చూసుకొని రావడానికి ఎవరి పర్మిట్టూ అక్కరలేకపోయినది.

రెండు వేరుపాటులకూ భేదం ఇక్కడ ఉన్నది. 1937లో దారి హక్కును మూడేళ్ల గడువుగా వ్రాశారు. మన రాజ్యాంగంలో దానిని గడువు లేని హక్కుగా వ్రాశారు.

సీమలో జరిగిన సంగతి

బర్మాను వేరుచేసిన బ్రిటన్‌కే ఈ అనుభవం తిరిగి ఎదురుకావడం కాలం చేసిన చిత్రం. 1973లో ఐరోపా దేశాల ఉమ్మడిలో చేరిన బ్రిటన్, 2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి 52 మంది మాటను అనుసరించి విడిపోవ నిశ్చయించుకున్నది. 2020 జనవరి 31న విడిపోయినది. పదకొండు నెలలు పాత పద్ధతే సాగాలన్నారు. గడువు ముగియడానికి ఒక్క వారం ముందు, 2020 డిసెంబరు 24న వ్యాపార ఒప్పందం కుదిరినది. అక్కడ తయారైన సరుకని రుజువుచేస్తే సుంకం లేదు. కాని మనుషుల స్వేచ్ఛా రాకపోకలు ఆగిపోయినవి. అంతకుముందే వచ్చి ఉన్నవారికి వేరే ఏర్పాటు, కొత్తవారికి వీసా.

చదువరులు ఈ మాటలను 1941 నాటి మాటలతో పోల్చి చూడగలరు. ముందు గడువు, పిమ్మట గడువు చివర తొందర, సరుకుకు రాయితీ, మనిషికి తరగతులు. అదే వరుస! భేదం ఒక్కటే. ఇక్కడ ముందునుంచి ఉన్నవారి హక్కులను విడిపోయే కాగితంలోనే వ్రాసుకున్నారు.

ఉమ్మడి నుంచి బయటికి వచ్చిన బ్రిటన్ ఇతర దేశాలతో విడివిడిగా ఒప్పందాలు చేసుకోవలసి వచ్చినది. మన దేశంతో 2025 జూలై 24న సంతకాలు జరిగినవి. బట్టలమీద, తోలు సరుకులమీద సుంకం తొలగించడం అందులో ముఖ్యమైన అంశం. వేలూరు, రాణిపేట, ఆంబూరు తోలు పరిశ్రమలో పనిచేసే కుటుంబాలు మన చుట్టూ ఎన్ని ఉన్నవో వేరుగా చెప్పనక్కరలేదు. ఎక్కడో లండన్‌లో వ్రాసిన కాగితం మరల మన పాలారు ఒడ్డుకు వచ్చినది.

మనము నేర్వదగినది

ఈ చరిత్ర నుంచి మనము మూడు మాటలు మూటగట్టుకోవచ్చును.

మొదటిది, గడువు అంటే విశ్రాంతి కాదు. 1937లో మూడేళ్లు ఇచ్చారు, దానిమీద నోటీసు కాలం మరొక ఏడాది. ఆ నాలుగేళ్లూ మిల్లులవారు పనిచేశారు, మగ్గంవాడు ఎదురుచూశాడు. ఒక్క రేవును నమ్ముకున్న సరుకు ఆ రేవు మూతపడిన నాడు గుమ్మంలోనే కుప్పపడుతుంది. రెండు మూడు వాకిళ్లు వెదకి ఉంచుకొన్నవాడు నిలుస్తాడు. 1952లో అఖిలభారత చేనేత బోర్డు ఏర్పడటం, 1985 చట్టంతో లుంగీ వంటి కొన్ని రకాలను చేతిమగ్గానికే ప్రత్యేకించడం, దేశంలోపలి వాకిలిని కొంత భద్రపరచే ప్రయత్నాలు. పవర్‌లూము పోటీ ముందు ఆ రక్షణ ఎంతవరకు నిలిచినదో మన వీధులు చూస్తే తెలుస్తుంది. అయినా ఆ ప్రయత్నం జరిగినది.

రెండవది, లెక్కలో లేనివాడు ఒప్పందంలో ఉండడు. మగ్గాలను 1942లో గాక 1937లో లెక్కపెట్టివుంటే, ఢిల్లీలో కూర్చున్నవారి ముందు కోటిమంది సంగతి ఉండెడిది.

మూడవది, మనలో మనకు ఎదురుగా నిలిచే కోరికలుంటే వాటిని దాచక, ముందే మన ఇంట్లో కూర్చుండి సర్దుకోవాలి. రైతు, నేతగాడు, కూలివాడు మూడు దారుల పోతే, నాలుగవవాడు వచ్చి ముగ్గురి తరఫునా సంతకం పెడతాడు.

నేడు మన పిల్లలు గల్ఫులో, సింగపూరులో, బ్రిటన్‌లో, అమెరికాలో పనిచేస్తున్నారు. వారు రేవు కూలీలు కారు, చదువుకున్నవారు. అయినా వారి బ్రతుకుకూడ వీసా అనే ఒక కాగితంమీదనే నిలిచివున్నది. ఆ కాగితం నియమాలు మారిన ప్రతిసారీ తల్లిదండ్రులమైన మనము ఇక్కడ నిద్రమానుకుంటున్నాము. వారి తాతలు రంగం ఓడ ఎక్కినప్పుడు ఇంటివారు పడిన ఆరాటం దీనికి భిన్నం కాదు.

కావున మన సంఘంవారికి ఒక చిన్న విన్నపం. పండుగలు చేసుకుంటున్నాము, హరికథలు పెట్టించుకుంటున్నాము, మంచిదే. దానితోపాటు ఒక పెద్ద పుస్తకం కట్టించి, మనలో ఏ కుటుంబం ఎక్కడినుంచి ఎప్పుడు వచ్చినది, ఎవరి ఇంట మగ్గాలుండెను, ఎవరి తాత రంగం వెళ్లాడు, ఎవరు 1942లో నడచివచ్చారు, ఎవరు 1964లో వచ్చారు అన్నది వ్రాసిపెడదాము. పెట్టె అడుగున పాత పాసుపోర్టో, ఓడ టిక్కెట్టో, మనియార్డరు రసీదో ఉంటే పారవేయక చూపుదాము. చెప్పగలిగిన పెద్దలు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. రేపు ఏ వాకిలి గురించి ఎవరు మాట్లాడవలసి వచ్చినా, మనము ఎవరమో, ఎందరమో చెప్పడానికి మన చేతిలో మన లెక్క ఉండాలి.

ఈ నూతన సంవత్సరంలో మన మగ్గానికి పని, మన పంటకు ధర, దూరానవున్న మన బిడ్డలకు తెరచిన వాకిలి దొరకాలనీ, అందరి రాశులలోను వ్యయంకంటె ఆదాయమే ఎక్కువ కావాలనీ కోరుకుందాము.

శుభం.